యారింగా బోరు నుంచి నోలీన్

ఎడారి రోడ్డు మీద పెట్రోలూ తిండీ అమ్మే యారింగా బోరు రోడ్‌హౌస్‌కి నోలీన్ ఆరు వారాల కోసం వచ్చింది. అక్కడి వంటమనిషి చెయ్యి విరగ్గొట్టుకుంటే, అది అతుక్కునేదాకా చిప్స్ వేయించడానికి మనిషి కావాలని పేపర్లో ప్రకటన వేశారు. ఇరవై నాలుగేళ్ల నోలీన్ అది చూసి, అడిలైడ్‌లో బస్సెక్కి, పదిహేడు గంటలు కూర్చుని, రెండు పెట్రోలు పంపులూ, ఒక నీళ్ల ట్యాంకూ, చుట్టూ మోకాలెత్తు తుప్పలూ తప్ప మరేమీ లేని చోట దిగింది. వంటమనిషి చెయ్యి అతుక్కుంది. అతుక్కున్న చేత్తో పెట్టె పట్టుకుని అతను పెర్త్ వెళ్లిపోయాడు. నోలీన్ మాత్రం ఉండిపోయింది. యజమాని కొడుకు ట్రెవ్‌ని పెళ్లాడింది. మామగారు పోయాక యజమానురాలైంది. ఆ ఆరు వారాలు చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్లయ్యాయి.

యారింగా బోరుకి తూర్పున నూట ఎనభై కిలోమీటర్ల దాకా మరో పంపు లేదు. పడమట నూట తొంభై. అందుకని అక్కడ దీపం ఆరకూడదు. క్రిస్మస్ అయినా, కాలికి కట్టు కట్టుకున్నా, మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని రోజైనా, బండి వచ్చి గంట మోగితే ఎవరో ఒకరు పంపు దగ్గరికి వెళ్లి తీరాలి. పనికి కుర్రాళ్లు వచ్చేవాళ్లు కానీ, ఎడారి చూసి రెండు నెలల్లో బెదిరి పారిపోయేవాళ్లు. వాళ్లని నమ్మి వదిలిపెట్టి వెళ్లే పని కాదు. తండ్రి అంత్యక్రియలకి ట్రెవ్ వెళితే నోలీన్ ఉంది. చెల్లెలి పెళ్లికి నోలీన్ వెళితే ట్రెవ్ ఉన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఇద్దరూ ఒకే కారులో పది కిలోమీటర్లు వెళ్లి ఎరగరు.

ఆ ఊరికి, ఊరంటే ఆ ఒక్క కప్పే, టైము కూడా సొంతమే. అడిలైడ్ గడియారానికి ముప్పావుగంట వెనక, పెర్త్ గడియారానికి ముప్పావుగంట ముందు. ఏ ప్రభుత్వమూ రాసివ్వలేదు. రెండు రాష్ట్రాల మధ్య పడి ఉన్న నాలుగు రోడ్‌హౌస్‌ల వాళ్లు ఎప్పుడో అనుకుని పెట్టుకున్నారు, అంతే. అక్కడ ఆగే వాళ్లందరూ గోడ గడియారం చూసి, తమ చేతి గడియారం చూసుకుని, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లు.

ఎనభై ఆరులో కప్పు మీద పెద్ద టీవీ డిష్ పెట్టించారు. ఆ డిష్‌లోంచి హెస్టర్, క్లైవ్ వచ్చారు.

సిడ్నీలో రాత్రి పదిన్నరకి వచ్చే సినిమా కబుర్ల కార్యక్రమం అది. పట్నంలో దాన్ని నిద్రపట్టని వాళ్ల కార్యక్రమం అనేవాళ్లు. యారింగా బోరులో అప్పటికి తొమ్మిదింపావే, గిన్నెలు తోమడం కూడా అయ్యేది కాదు. హెస్టర్ పొడుగ్గా, తెల్లటి పొట్టి జుట్టుతో, భుజాల దాకా వేలాడే చెవిపోగులతో ఉండేది. క్లైవ్ ఎప్పుడు చూసినా ఎవరో ఇప్పుడే నిద్రలేపి కుర్చీలో కూలేసినట్టుండేవాడు. ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కారు. కానీ దేశం మొత్తంలో అంత ముచ్చటగా పోట్లాడుకునే జంట మరొకటి లేదు. హెస్టర్ కళ్లు తుడుచుకుంటూ పొగుడుతుంటే క్లైవ్ ఇంటికప్పు వంక చూసేవాడు. అతని తీర్పులు మూడే: టికెట్టు కొంటాను, ఊరికే ఇస్తే చూస్తాను, ఎదురు డబ్బిచ్చినా చూడను.

ఒక బుధవారం వాళ్లు ఒక పోర్చుగల్ సినిమా గురించి కొట్టుకున్నారు. ఉప్పు పడవ నడిపే ఒకావిడ కథ. రోజూ పడవని నది మధ్యదాకా తీసుకెళ్లి, అవతలి గట్టు వంక చూసి, వెనక్కి వస్తుంది. నలభై సెకన్ల ముక్క చూపించారు.

"రెండు గంటలు కూర్చున్నాను హెస్టర్," అన్నాడు క్లైవ్. "అవతలి గట్టు నలభై గజాలు. తెడ్డు నాలుగుసార్లు గట్టిగా వేస్తే చేరిపోతుంది. వెళ్లొచ్చు కదా? వెళ్లదే! ఎదురు డబ్బిచ్చినా చూడను."

చేతిలో గిన్నెతో నిలబడి వింటున్న నోలీన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. డీజిల్ బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి, అక్కడికక్కడే రాసింది: "క్లైవ్ గారూ, మీకెప్పుడూ పంపు కాసే పని పడలేదనుకుంటాను. అవతలి గట్టు దూరమని ఎవరన్నారు? తను వెళ్లిపోతే ఈ గట్టు మీద ఎవరుంటారు? ఆవిడ మొహం చూస్తే మీకది తెలియలేదా? నేను సినిమా చూసినంతసేపూ అదే అనుకున్నాను. ఇట్లు, యారింగా బోరు నుంచి నోలీన్."

సినిమా చూసినంతసేపూ! కోపంలో రాసిన మాట. నలభై సెకన్లు చూసినంతసేపూ అని రాస్తే ఎవరు చదువుతారు?

మూడు వారాల తర్వాత హెస్టర్ ఆ ఉత్తరాన్ని దేశమంతటికీ చదివి వినిపించింది. క్లైవ్ ఇంటికప్పు వంక చూశాడు. ఆఖరికి "నోలీన్ గారు చెప్పిందే రైటేమో" అన్నాడు. అతను ఓడిపోవడం అదే మొదటిసారట. ఆ రాత్రి రోడ్‌హౌస్ భోజనాల హాల్లో వేడి మాంసం పైలు తింటున్న ట్రక్కు డ్రైవర్లు లేచి బల్లలు బాదారు.

అక్కడితో పోయుంటే బాగుండేది. కానీ హెస్టర్ "మళ్లీ రాయండి" అంది. నోలీన్ మళ్లీ రాసింది. పదమూడేళ్లు రాసింది.

వంటింట్లోంచి వచ్చే వాసన పట్టి పక్కింటి వాళ్లు ఏం కూర వండారో చెప్పేసేవాళ్లుంటారు. నోలీన్‌ది ఆ విద్య. హెస్టర్ ఎక్కడ గొంతు తగ్గించిందో, క్లైవ్ ఎక్కడ విసుక్కున్నాడో రాసిపెట్టుకునేది. చూపించిన ముక్కలో ఉన్నదాన్ని దాటి ఒక్క అడుగు వేసేది కాదు. మిగతాదంతా తన కడుపులోంచి రాసేది. జనం ఆమె ఉత్తరాల కోసమే కార్యక్రమం చూస్తున్నారని ఒక పేపరు వాడు రాశాడు. నిజానికి ఆ పదమూడేళ్లలో వాళ్లు మాట్లాడిన సినిమాల్లో నోలీన్ చూసింది ఒక్కటీ లేదు. దగ్గర్లో సినిమా హాలు లేదు. వీడియో ప్లేయర్ రెండుసార్లు తెచ్చారు, జనరేటరు రెండింటినీ కాల్చేసింది.

మరి చూసిందని అందరూ ఎలా నమ్మారంటే, ఏటా ఆగస్టులో మూడు రోజులు ఆమె ఒక్కతే అడిలైడ్ వెళ్లి వచ్చేది. "నోలీకి సినిమాల పిచ్చి. ఆ మూడు రోజులూ మూడేసి సినిమాలు చూసేస్తుంది," అని ట్రెవ్ కౌంటర్ దగ్గర గొప్పలు పోయేవాడు. ఆ మూడు రోజులూ అతను పగలూ రాత్రీ ఒక్కడే పంపు కాసి, ఆమె బస్సు దిగేసరికి కళ్లు గుంటలు పడి, గడ్డం మాసిపోయి ఉండేవాడు. అలా ఉండి కూడా మొట్టమొదట అడిగేది ఒకటే ప్రశ్న: "బాగున్నాయా?"

"బాగున్నాయి," అనేది నోలీన్.

తొంభై తొమ్మిది జులైలో హెస్టర్, క్లైవ్ ఇక కార్యక్రమం మానేస్తున్నామని చెప్పారు. మరుసటి వారం బస్సులో ఛానెల్ నుంచి ఒక కవరు వచ్చింది. ఆఖరి కార్యక్రమంలో వాళ్లిద్దరి మధ్యా మూడో కుర్చీ వేస్తారట. అందులో నోలీన్ కూర్చోవాలట. క్లైవ్‌ని మొట్టమొదట ఓడించిన ఆ ఉప్పు పడవ సినిమా గురించే ముగ్గురూ మాట్లాడతారట. ఇద్దరికి విమానం టికెట్లు, హోటల్ గది.

ట్రెవ్ ఉత్తరాన్ని గట్టిగా చదివి, మళ్లీ చదివి, గోడకి అంటించేశాడు. 

"మనం ఎలా వెళ్తాం ట్రెవ్?" అంది నోలీన్. "పంపు ఎవరు చూస్తారు?" ఇరవై ఏళ్లుగా ఆమె తిట్టుకున్న పంపు. ఆ రోజు మాత్రం దాన్ని కావలించుకోవాలనిపించింది.

"దానికేముంది," అన్నాడు కోల్. పెర్త్‌కి కోడిమాంసం తోలే డ్రైవరు, గుండెల దాకా గడ్డం, ఆ హాల్లో అందరికంటే పాత ఖాతాదారు. "మా మోరీన్ వచ్చి ఉంటుంది. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వాళ్ల నాన్న రోడ్‌హౌస్ నడిపింది. మీకంటే బాగా నడుపుతుంది. పైలు కూడా మీకంటే బాగా చేస్తుంది, ఏమీ అనుకోకు."

"జనరేటరు మొరాయిస్తోంది కదా..."

"మొరాయిస్తే మోరీన్ తంతుంది. నన్ను తన్నట్లేదూ?"

అందరూ నవ్వారు. నోలీన్ కూడా నవ్వింది. కుడితిలో పడ్డ ఎలుక నవ్వగలిగితే అలాగే నవ్వుతుంది. ఆ వారమంతా డ్రైవర్లు తలొక మాటా అనేవాళ్లు. "క్లైవ్‌ని వదలకు నోలీ", "టీవీలో మా పేరు చెప్పు", "నువ్వు చూడమన్నావని పెర్త్‌లో మా ఆవిణ్ణి ఆ ఇరాన్ సినిమాకి తీసుకెళ్లా, ఇంటికొచ్చి గంట ఏడ్చింది, ఆ రాత్రే నాతో మళ్లీ మాట్లాడింది". ఈ ఆఖరిది కోల్ అన్నాడు, గడ్డంలోంచి, తల వంచుకుని. ఆ మాట నోలీన్‌ని అన్నిటికంటే ఎక్కువ గుచ్చింది. వాళ్ల ముందు అబద్ధాలకోరుగా నిలబడటం ఒక ఎత్తు. కెమెరాల ముందు క్లైవ్ "ఆ సినిమా చివర ఆవిడ చేసిన పని సంగతేమిటి?" అని అడిగితే నోరు తెరుచుకుని కూర్చోవడం మరొక ఎత్తు. అసలు ఆవిడ చివర ఏం చేసిందో నోలీన్‌కి తెలియదు. పదమూడేళ్లుగా ఎవరినీ అడగలేకపోయింది. చూసినావిడ అడగదు కదా.

వెళ్తే పరువు పోతుంది. వెళ్లకపోతే ఎందుకు వెళ్లడం లేదో చెప్పాలి. ఆఖరికి హెస్టర్‌కి ఒక్కదానికే నిజం చెప్పి, ఏదో ఒక వంకతో తనని తప్పించమని కాళ్లావేళ్లా పడదామని ఛానెల్‌కి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"హెస్టర్ గారే మీకు చేస్తారండీ. మంగళవారం నాలుగింటికి. కంగారు పడకండి, మా టైము కాదు, మీ టైమే. నేను లెక్క కట్టే చెప్తున్నా."

"మా టైమేనా?"

"మీ టైమేనండీ."

ఆ అమ్మాయి లెక్క కట్టింది నిజమే. కవరు మీద చిరునామా చూసి, అడిలైడ్ రాష్ట్రం కదా అని అడిలైడ్ గడియారంతో కట్టింది. ప్రపంచంలో తనకంటూ సొంత గడియారం ఉన్న నాలుగు కప్పుల సంగతి సిడ్నీలో ఎవరికి తెలుస్తుంది? నోలీన్ తన గోడ గడియారమే నమ్ముకుంది. మూడున్నరకి ట్రెవ్‌ని వెనక జనరేటరు షెడ్డులోకి పంపించెయ్యాలని, నాలుగింటికి ఫోన్ దగ్గర తనొక్కతే ఉండాలని పథకం వేసుకుంది.

మంగళవారం మూడుంపావుకి, అంటే అడిలైడ్ నాలుగింటికి, క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట కారవాన్‌కి నోలీన్ డీజిల్ కొడుతోంది. ముసలాయన తన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతున్నాడు. కిటికీ అద్దంలోంచి కౌంటర్ కనిపిస్తోంది. ట్రెవ్ ఫోన్ ఎత్తాడు. ఎత్తిన మరుక్షణం నిటారుగా నిలబడి, రెండో చేత్తో జుట్టు సర్దుకున్నాడు. ఎవరి ఫోనో నోలీన్‌కి అర్థమైపోయింది. డీజిల్ గొట్టం పట్టుకున్న చెయ్యి వదలడానికి లేదు. ట్రెవ్ నవ్వుతున్నాడు, చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, గోడ మీది ఉత్తరం చూపిస్తున్నాడు, ఫోన్లో ఆవిడకి కనబడుతుందన్నట్టు. తర్వాత నవ్వు ఆగింది. వింటున్నాడు. ఏదో ఒక ముక్క అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి అలాగే నిలబడ్డాడు.

"అమ్మాయ్, పొంగిపోతోంది!" అని ముసలాయన అరిచాడు. డీజిల్ ఆమె బూట్ల మీదికి కారుతోంది.

ట్రెవ్ బయటికి వచ్చి, నేల మీది డీజిల్ మీద ఇసక పోశాడు. "హెస్టర్ చేసింది," అన్నాడు. "పనిలో ఉన్నావని చెప్పా. రేపు చేస్తుందిట." అంతే.  ఉల్లిపాయలు కోశాడు, ఫ్రిజ్ కడిగాడు, అంతకుముందు రోజే కడిగిన ఫ్రిజ్.

పొద్దు గుంకేవేళ, హాల్లో ఎవరూ లేనప్పుడు, వంటింటి వెనక గ్యాస్ సిలిండర్ల దగ్గర నిలబడి అడిగాడు.

"ఎవడు?"

"ఎవడేంటి?"

"అడిలైడ్‌లో ఉన్నవాడు. ఎవడు?"

నోలీన్ అతని మొహంలోకి చూసింది. అటువంటి మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆవిడ ఏమంది ట్రెవ్?"

"ఏమంటుంది పాపం, మంచిగానే మాట్లాడింది. ఆ ఉప్పు పడవ సినిమా నోలీన్ గారు చూడటానికి సిడ్నీ దాకా వచ్చారా అని అడిగింది. లేదండీ, అడిలైడ్‌లో చూసింది, ఏటా అక్కడే చూస్తుంది, ఆ మూడు రోజులూ నేనే కాపలా అని గొప్పగా చెప్పా. అడిలైడ్‌లో ఆడలేదే అంది. దేశం మొత్తానికి ఒకటే ప్రింటు వచ్చిందిట. ఎనిమిది రోజులు సిడ్నీలో ఆడి వెనక్కి వెళ్లిపోయిందిట." అతను ఆగాడు. "పదిహేనేళ్లు నోలీ. ఏటా మూడు రోజులు. నేనిక్కడ నిలబడే నిద్రపోయేవాణ్ణి. ఒక్క మాట చెప్పు చాలు. ఎవడు?"

"ఎవడూ లేడు."

"నాతో ఆటలాడకు."

"ఎవడూ లేడు ట్రెవ్. సినిమాకీ వెళ్లలేదు, ఎవడి దగ్గరికీ వెళ్లలేదు. గదిలో కూర్చున్నా."

"ఏ గదిలో?"

"మోటెల్ గదిలో. ఆరో నంబరు."

అతనికి అర్థం కాలేదు. అది అర్థమయ్యేలా చెప్పడం నోలీన్‌కి చేతకాలేదు. అయినా చెప్పింది. మొదటిసారి పన్ను నొప్పికి వెళ్లానని, పన్ను పీకించుకుని గదికి వచ్చి మంచం మీద కూర్చుంటే ఏ గంటా మోగలేదని చెప్పింది. గంట మోగకపోతే లోకం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసిందని, లేచి ఎక్కడికీ వెళ్లబుద్ధి కాలేదని, గోడ వంక చూస్తూ మూడు రోజులు కూర్చుండిపోయానని చెప్పింది. "ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగావు. నువ్విక్కడ చస్తూ బతుకుతూ కాపలా కాస్తుంటే, నేను ఊరికే కూర్చున్నానని ఎలా చెప్పను? సినిమాకెళ్లానని చెప్పా. బాగుందా అన్నావు. బాగుందన్నా. అంతే, అక్కడ ఇరుక్కుపోయా. తర్వాత ఉత్తరాలు. ఒక్కటి కూడా చూడలేదు ట్రెవ్. ఒక్క సినిమా కూడా."

అతను సిలిండర్ మీద కూలబడ్డాడు.

"ఎవడో ఉన్నాడన్నా బాగుండేది," అన్నాడు. "వెళ్లి వాడి మూతి పళ్లు రాలగొట్టేవాణ్ణి. ఖాళీ గదిని ఏం చెయ్యను నేను? నా దగ్గర్నుంచి ఖాళీ గదిలోకి పారిపోయావా?"

"నీ దగ్గర్నుంచి కాదు."

"ఇక్కడ నేనూ పంపూ తప్ప ఇంకేముంది?"

ముందు వైపు గంట మోగింది. ఇద్దరూ లేచారు. అలవాటు. ట్రెవ్ వెళ్లాడు.

మర్నాడు హెస్టర్ మళ్లీ ఫోన్ చేసింది. నోలీన్ కథంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. 

"ఒక్కటి కూడానా?" అంది హెస్టర్.

"ఒక్కటి కూడా చూడలేదండీ. మీరిద్దరూ చెప్పగా విన్నదే."

"క్లైవ్‌కి చెప్పాలి కదా మరి."

"చెప్పండి. మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండి. టీవీలో చెప్పినా నాకభ్యంతరం లేదు. కానీ ఆ కుర్చీలో మాత్రం నేను కూర్చోలేను."

"కుర్చీ మాత్రం తియ్యను," అంది హెస్టర్. ఆ గొంతులో కోపముందో, జాలి ఉందో, నవ్వుందో నోలీన్ పోల్చుకోలేకపోయింది. పదమూడేళ్లుగా ఆ గొంతులో ప్రతి మలుపూ తెలిసిన మనిషి.

విమానం టికెట్లు వెనక్కి పంపేశారు. మోరీన్‌ని రావొద్దని చెప్పడానికి నోలీన్ ఫోన్ ఎత్తబోతే ట్రెవ్ ఆపాడు.

"రానీ," అన్నాడు. "వెళ్దాం."

"ఎక్కడికి?"

"ఆ గది చూడాలి నాకు."

డ్రైవర్లకి ఏమీ చెప్పలేదు. వాళ్లు సిడ్నీకే వెళ్తున్నారనుకుని కోల్ హారన్ నొక్కుతూ సాగనంపాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకే బండిలో కూర్చున్నారు. మొదటి వంద కిలోమీటర్లు ట్రెవ్ అద్దంలో వెనక్కి చూస్తూనే నడిపాడు. దారిలో ప్రతి రోడ్‌హౌస్ దగ్గరా ఆగి, అక్కరలేకపోయినా పెట్రోలు కొట్టించి, వాళ్ల పంపులు వంగి పరీక్షగా చూసి, "గొట్టం మార్చాలి, ఎంత నిర్లక్ష్యమో" అని గొణుక్కున్నాడు. మూడోచోట నోలీన్‌కి నవ్వొచ్చింది. ఆ మంగళవారం తర్వాత నవ్వడం అదే మొదలు. అతను నవ్వలేదు కానీ, కారెక్కాక తను తింటున్న మాంసం పైని సగం విరిచి ఆమెకిచ్చాడు.

మోటెల్ బల్ల దగ్గర ఉన్నావిడ నోలీన్‌ని చూడగానే అడక్కుండానే ఆరో నంబరు తాళం తీసి ఇచ్చింది. "ఈసారి తోడు తెచ్చుకున్నారే! ఇన్నేళ్లూ ఒక్కరే వచ్చి, తలుపేసుకుని, మూడో రోజు బయటికొచ్చేవారు. సన్యాసిని అనుకునేదాన్ని," అంది. ట్రెవ్ ఆ మాట విన్నాడు. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. అంతదాకా అతను పూర్తిగా నమ్మలేదని నోలీన్‌కి అప్పుడు తెలిసింది.

ఒక మంచం, ఒక కుర్చీ, ఒక చిన్న టీవీ, కార్లు ఆపుకునే స్థలం వైపు కిటికీ. ట్రెవ్ బాత్‌రూమ్ తలుపు తీసి చూసి, మూసేశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"ఎక్కడ కూర్చునేదానివి?"

చూపించింది. అతను వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడ వంక చూశాడు. ఆమె ఏం చూసేదో చూద్దామని నిజంగా ప్రయత్నించాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, బడి పిల్లాడిలా కూర్చున్నాడు.  పదిహేనేళ్లు నోలీన్ అతనికి చెప్పకుండా దాచుకున్న సుఖం అది. ఇప్పుడతను కూర్చుంటే అందులో ఏమీ లేదు. మామూలు గోడ.

రాత్రి పదింటికి టీవీ పెట్టారు. హెస్టర్, క్లైవ్, మధ్యలో మూడో కుర్చీ. కుర్చీ ఖాళీగానే ఉంది. నోలీన్ మంచం అంచున కూర్చుని దుప్పటి గుప్పిట పట్టుకుంది. యారింగా బోరు హాల్లో ఇదే క్షణంలో కోల్, మోరీన్, ఇంకా పదిమంది బల్లల ముందు కూర్చుని ఉంటారు. సిడ్నీ వెళ్లిన మనిషి కుర్చీలో లేకపోవడం చూసి ఉంటారు. వాళ్లిద్దరూ పాత పోట్లాటలు తలుచుకున్నారు, పాత ముక్కలు చూపించారు. క్లైవ్ కళ్లు తడిగా ఉన్నాయి. ఇద్దరూ ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు, ఇప్పుడు హెస్టర్ అతని చేతి మీద చెయ్యి వేసింది. నోలీన్ ఏడ్చింది. ఆ ఇద్దరూ లేకపోతే తను ఆ ఎడారిలో పదమూడేళ్లు బతికేది కాదని ఆమెకి తెలుసు.

"ఈ కుర్చీ గురించి మీకు చెప్పాలి," అంది హెస్టర్, కెమెరా వైపు తిరిగి. "నోలీన్ గారి గురించి ఒక సంగతి పోయిన వారమే మాకు తెలిసింది. క్లైవ్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

బయట ఒక కారు వచ్చి ఆగిన చప్పుడైంది.

ట్రెవ్ లేచి, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అతను తలుపు తీసినట్టు అతనికే తెలియదు. నోలీన్ టీవీ వంక చూసింది, తెరిచిన తలుపు వంక చూసింది. క్లైవ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు, నోరు విప్పబోతున్నాడు. బయటి దీపం వెలుతుర్లో, కారు పక్కన, ట్రెవ్ వంగి కిటికీలోకి మాట్లాడుతున్నాడు.

ఆమె లేచి బయటికి వెళ్లింది.

"ఎంత దూరం వెళ్తున్నారు? నీళ్లున్నాయా బండిలో?" అని అడుగుతున్నాడు ట్రెవ్. కారులోని కుర్రవాడు వింతగా చూస్తున్నాడు.

"నీళ్లెందుకండీ? ఎదురుగా షాపుంది కదా. మేం ఈ పక్క గదిలోనే ఉంటున్నాం."

"అవును కదా," అన్నాడు ట్రెవ్. "అవును కదా. సరే మరి."

కుర్రవాడు గదిలోకి వెళ్లిపోయాడు. ట్రెవ్ ఖాళీ చేతులతో అక్కడే నిలబడ్డాడు. రోడ్డు మీద కార్ల మీద కార్లు పోతున్నాయి, ఒక్కటీ ఆగడం లేదు. ఒక్కదానికీ అతనితో పని లేదు. ప్రతి కారుకీ అతని తల తిరుగుతోంది. నోలీన్ ఏడాదికి మూడు రోజులైనా తప్పించుకుంది. ఈ మనిషికి తప్పించుకోవడం ఎలాగో కూడా తెలియదు. నోలీన్ వెళ్లి అతని పక్కన నిలబడింది.

లోపల టీవీలో క్లైవ్ గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. స్టూడియోలో జనం నవ్వారో చప్పట్లు కొట్టారో, పెద్ద సందడి లేచింది. తర్వాత ఆఖరి సంగీతం వచ్చింది.

"అయిపోయినట్టుంది," అన్నాడు ట్రెవ్. "ఏమన్నారు?"

"వినలేదు."

"అయ్యో, నా వల్లే." అతను ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, తప్పు చేసినవాడిలా అడిగాడు: "నోలీ, ఏమీ అనుకోవుగా? మూడు రోజులన్నాం. మోరీన్ ఒక్కతే ఉంది అక్కడ. పొద్దున్నే బయల్దేరిపోదామా?"

ఆమె ఆరో నంబరు గది వంక ఒకసారి చూసింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

"సరే," అంది.